సత్తిబాబు సంతకం కోసం కోనసీమకు

కోనసీమ అందాలు చూడ్డానికి నేను పోలేదు. ఒక సంతకం కోసం పోయాను. చూసొచ్చినవాళ్ళంతా కొబ్బరిచెట్ల గురించీ గోదావరి గురించీ చెప్తూనే ఉంటారు కాబట్టి, అవి నేను చెప్పకపోయినా మీకు లోటు లేదు. నాది అనంతపురం. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసేసరికి నాకు సంతోషం కన్నా ముందు కడుపుమంట వచ్చింది. దాచుకోవడం దేనికని ముందే చెప్పేస్తున్నాను.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో మా నాన్న నారాయణప్పతో కలిసి బయల్దేరాను. నాన్న పదిహేనేళ్ళు సైన్యంలో, నదుల మీద పడవలు నడిపి వంతెనలు వేసే దళంలో పనిచేశాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన పేరు యుద్ధ నివేదికలోకి ఎక్కింది. దానికి గుర్తుగా పతకం రిబ్బను మీద పెట్టుకునే చిన్న కంచు ఆకు ఒకటి ఇచ్చారు. నేను చదివిన బడిలో పంద్రాగస్టు వస్తే జెండా ఎగరేయడానికి నాన్ననే పిలిచేవాళ్ళు. మేం ప్రయాణమయ్యే ముందు నెలలో మాజీ సైనికులు తమ రికార్డులు సరిచూసుకోవాలని ఊళ్ళో శిబిరం పెట్టారు. తప్పులుంటే దిద్దించుకోవచ్చు, రావలసిన పతకాలు రాకపోతే అర్జీ పెట్టుకోవచ్చు అన్నారు. అక్కడి నుంచి వచ్చి నాన్న రెండు రోజులు సరిగా తినలేదు.

మూడోనాడు నన్ను పిలిచి, "ఒక పతకం రావల్సుంది మ్మా. రాజోలు కాడ సత్తిబాబని నా జతగాడుండాడు. వాని సంతకం గావాల. ఇంగ్లీషు కాగితాలు నాకు రావు, నువ్వు రా" అన్నాడు.

నేను జిల్లా ఆఫీసులో గుమాస్తాను. కాగితాలంటే నాకు భయం లేదు. నాన్నకు ఇంకో పతకం వస్తుందని సంబరపడి సెలవు పెట్టాను.

రావులపాలెం: గెలల మధ్య

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాం. వంతెన దాటుతున్నంతసేపూ నాన్న కిటికీ వైపు చూడకుండా డ్రైవరు వీపే చూస్తూ కూర్చున్నాడు. రైల్లో నిద్ర చాలలేదేమో అనుకున్నాను.

రావులపాలెంలో దిగితే ఎటు చూసినా అరటి గెలలే. లారీల్లో, నేల మీద, మనుషుల భుజాల మీద. సైకిలుకి అటు మూడు, ఇటు మూడు గెలలు కట్టి, ఎక్కడానికి చోటు లేక దాన్ని పక్కన నడిపించుకుంటూ వస్తున్నారు. మా వైపు అరటిపండు కొనాలంటే ఇంట్లో పూజైనా ఉండాలి, జ్వరమైనా ఉండాలి. ఒక వ్యాపారి మా రెక్సిన్ సంచీ, మా వాలకం చూసి తన బల్ల ఖాళీ చేసి మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"ఏ ఊరండీ మనది?"

"అనంతపురం."

"ఆయ్! చాలా దూరమండి బాబూ. తినండమ్మా, చక్కెరకేళి. బాగోకపోతే డబ్బులివ్వకండి."

మా ఊళ్ళో ఎవరైనా 'ఆయ్' అన్నారంటే కొట్లాటకి దిగుతున్నట్టే. ఇక్కడ 'అవునండి, అలాగేనండి, విన్నానండి' అన్నిటికీ అదే. మొదటి పూటంతా నన్నెవరో కసురుకుంటున్నట్టే ఉంది. డజను ఎనిమిది రూపాయలన్నాడు. మా ఊళ్ళో ఆ ధరకు అరడజను కూడా రాదు. బేరమాడ్డానికి నాకే సిగ్గేసింది.

నాన్న ఒక్క పండూ ముట్టలేదు. వ్యాపారి లారీ దగ్గరికి వెళ్ళగానే, "ఆ పతకం నాగ్గాదు మ్మా. సత్తికి. గాయపడినోళ్ళకిచ్చేది. నాకిచ్చిన ఆకు గూడా వానిదే" అన్నాడు.

ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పింది నేను వరసలో పెడుతున్నాను. అప్పుడు వాళ్ళ దళంలో తెలుగువాళ్ళు ముగ్గురు: నాన్న, రాజోలు సత్తిబాబు, కొత్తపేట వీర్రాజు. తూర్పు సరిహద్దులో ఒక నది దగ్గర వీర్రాజు చనిపోయాడు. మర్నాడు పొద్దున డ్యూటీలు వేశారు. నాన్నకు పడవ పని, అవతలి గట్టున చిక్కుకున్నవాళ్ళను తేవాలి. సత్తిబాబుకు చనిపోయినవాళ్ళను పొలాలకు అడ్డంపడి రోడ్డు దాకా మోసుకెళ్ళే పని. సత్తిబాబు భార్య అప్పుడు కడుపుతో ఉంది. భార్య కడుపుతో ఉన్నప్పుడు మగవాడు శవం మోయకూడదని మనవాళ్ళ పట్టింపు మీకు తెలిసే ఉంటుంది. "నువ్వు మొయ్యి, పడవ మీద నేను పోతాను" అన్నాడట సత్తిబాబు. పై అధికారికి చెప్పకుండా ఇద్దరూ పనులు మార్చుకున్నారు.

పడవ మీద కాల్పులు జరిగాయి. సత్తిబాబు ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. అయినా ఏడుగురిని ఇవతలి ఒడ్డుకు చేర్చాడు. పైవాళ్ళు డ్యూటీ కాగితం ముందు పెట్టుకుని నివేదిక రాశారు. అందులో పడవకు ఎదురుగా నాన్న పేరుంది. వెనక గట్టున ఉండాల్సిన మనిషికి వేళ్ళెలా పోయాయని అడిగితే, లారీ ఇంజను పంకాలో పెట్టానన్నాడు సత్తిబాబు. 'సొంత అజాగ్రత్త వల్ల ప్రమాదం' అని ఆయన రికార్డులో ఎక్కించి అక్కడ ఆయన చేతనే సంతకం పెట్టించుకున్నారు.

"మరి నువ్వెందుకు నోరు మూసుకున్నావు?" అన్నాను.

"చెప్పకుండా డ్యూటీ మార్చుకుంటే ఇద్దరికీ శిక్ష మ్మా. వాడే వద్దన్నాడు. ఆనక ఆకు వచ్చె. మీ అవ్వ ఊరంతా తిప్పి చూపిచ్చె. ఇంగ యాడ చెప్పేది? మొన్న శిబిరంలో నా కాగితం పైకి చదివితే అందరూ చప్పట్లు కొట్నారు. ఆడ కూచోలేకపోతి."

నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు జెండా కింద నిలబడి మా నాన్న మా నాన్న అని ఎగిరిన రోజులన్నీ ఒక్కసారిగా నా మొహాన కొట్టినట్టయింది. ఆ కోపంలో ఆరు పండ్లు తినేశాను.

"దిద్దిస్తే నీ పేరు కొట్టేస్తారు, తెలుసా?"

"కొట్టేయించేదానికే వచ్చినా."

అమలాపురం: వద్దన్నా వడ్డించే ఊరు

ఆ రోజు అమలాపురంలో దిగాం. భోజన హోటల్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొబ్బరి పచ్చడి. వడ్డించే ఆయన "కొంచెం వెయ్యమంటారాండీ" అని అడుగుతూనే వేసేస్తాడు. మా ఊళ్ళో చాలంటే చాలనే అర్థం. ఇక్కడ చాలంటే మొహమాటపడుతున్నామని అర్థమట. చివరికి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"మా ఊరొచ్చి ఆకలితో పోతే మాకు మాటండి" అని ఆయన నొచ్చుకున్నాడు.

నాన్నతో నేను మాట్లాడ్డం లేదని ఆయన కనిపెట్టాడో ఏమో, మజ్జిగ పోస్తూ, "పెద్దాయన ఏం తినట్లేదమ్మా, మీరు చెప్తే తింటారు" అన్నాడు. చెప్పాను. నాన్న తిన్నాడు. నా కోపం అక్కడికి సగం చల్లారింది.

రేవు: నాన్న కళ్ళు మూసుకున్నాడు

మర్నాడు రాజోలు వైపు పోవాలంటే గోదావరి వైనతేయ పాయ దాటాలి. మేం వెళ్ళిన దారిలో అప్పటికి వంతెన లేదు. పంటు అనే బల్లకట్టు మీదే మనుషులూ మోటారు సైకిళ్ళూ మేకలూ కలిసి దాటుతారు. రేవు దిగుతుంటే బురదలో నా చెప్పు ఒకటి కూరుకుపోయింది. లాగితే పట్టీ చేతికొచ్చింది, చెప్పు రాలేదు. రెండోది కూడా అక్కడే వదిలేసి వట్టి కాళ్ళతో ఎక్కాను.

పంటు కదిలిందో లేదో, నాన్న ఎవరిదో మోటారు సైకిలు హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పక్కనే రొయ్యల గంపతో కూర్చున్నామె చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఏటండీ అంత భయం? మా పిల్లలు ఇక్కడ ఈత కొడతారండి. మిలట్రీ ఆయనలా ఉన్నారు, మీసాలు చూస్తే!"

"మిలట్రీలో పడవలు నడిపే ఆయనే" అన్నాను.

ఆమె ఈసారి నవ్వలేదు. నాన్న మొహం చూసి, "ఇలా కూకోండి బాబుగారూ, కింద కూకుంటే తల తిరగదు" అని తన చీర చెంగు పక్కకి లాక్కుని చోటిచ్చింది. నాన్న కూర్చున్నాడు. కళ్ళు మూసుకునే నాతో చెప్పాడు.

"నీళ్ళంటే నాకు మొదట్నుంచీ భయం మ్మా. ఉద్యోగం పోతాదని ఎవరికీ చెప్పలే. ఆ పొద్దు సత్తి వచ్చి పని మార్చుకుందామంటే నా పానం లేచొచ్చె. వాడు నన్నడిగినాడని అందరికీ చెప్పుకోవచ్చు. వాడు అడగకుంటే నేనే అడుగుదును."

ఈ మాట ఆయన మా అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. నా మిగతా సగం కోపం ఏటి మధ్యలో పోయింది. రొయ్యలామెకు మా కథ ఏమీ తెలియదు, అయినా అవతలి రేవు వచ్చేదాకా నాన్న చెయ్యి పట్టుకునే ఉంది.

రాజోలు దగ్గర

రాజోల్లో అరవై రూపాయలు పెట్టి చెప్పులు కొనుక్కుని, ఆటోలో సత్తిబాబు ఊరు చేరాం. రెండేళ్ళ కిందటి తుఫానుకు పడ్డ కొబ్బరి మొద్దులు ఇంకా కాలవ గట్టున ఉన్నాయి. వాటి పక్కనే కొత్త మొక్కలు మోకాలెత్తున లేచాయి. సత్తిబాబు పొట్టి మనిషి. నాన్నను గుమ్మంలో చూసి గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత వాటేసుకుని వదలడే!

"ఒరే నారాయణా! బతికే ఉన్నావురా! ఏవే మంగతాయారూ, ఎవరొచ్చేరో చూడు!"

కొబ్బరి బొండాలు కొట్టించాడు. రెండు వేళ్ళు లేని చేత్తో బొండం ఒడుపుగా పట్టుకుని నాకందించి, "తాగు తల్లీ, మీ ఊళ్ళో ఇవి సీసాల్లో అమ్ముతారేమో" అని ఆటపట్టించాడు. సంగతి తెలిసేదాకా ఆ ఇంట్లో పండగే.

నేను అర్జీ నమూనా తీసి చదివాను. నాన్న తన రికార్డులో ఉన్న ప్రశంస తనది కాదని రాస్తాడు. ఆ రోజు జరిగింది సత్తిబాబు ప్రమాణపత్రంగా రాసివ్వాలి. సత్తిబాబు మొహం మాడిపోయింది.

"నాకే పతకాలూ వద్దు నారాయణా. భోంచేసి వెళ్ళండి."

"వద్దంటే ఎట్లా సత్తీ?"

"ఏమని రాయమంటావురా? వీర్రాజు మా కోనసీమోడు. ఒకే కంచంలో తిన్నాం. ఆడు పోతే భుజం పట్టనన్నాను. అది నా చేత్తో కాయితం మీద పెట్టమంటావా? సెలవులకొచ్చినపుడల్లా కొత్తపేట మీదుగా వెళ్ళాల్సొస్తే చుట్టు తిరిగి వచ్చేను. ఆళ్ళమ్మగారు ఇంకా ఉన్నారు. ఆవిడ మొహం చూళ్ళేక ఇరవయ్యేడేళ్ళు ఆ ఊరెళ్ళలేదు."

లోపల మంగతాయారుగారు చేపల పులుసు దింపుతూ ఇదంతా వింటోంది. గోదారికి వరదొచ్చినప్పుడు దొరికే పులసేమో అనుకుని ఆశపడ్డాను. ఈ కాలంలో పులస ఎక్కడిదమ్మా, ఇది కొరమేను అంది. తర్వాత గొంతు తగ్గించి నాతో చెప్పింది: "ముందు రెండు కడుపులు పోయేయమ్మా. మూడోది నిలబడిందనగానే మా అత్తగారు భయపడి నా చేత ఉత్తరం రాయించేరు. గెడ్డం గీయించుకోవద్దు, శవం మొయ్యొద్దు, ఇది కూడా పోతే నేను బతకనని రాసేను. యుద్ధంలో శవాలుంటాయని నాకు తోచలేదమ్మా, పద్దెనిమిదేళ్ళదాన్ని."

ఆ కడుపున పుట్టిన కూతురు ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, రెండో వీధిలోనే ఉంటుంది. వేళ్ళు మిషన్లో పెట్టుకున్న మనిషి అని ఊళ్ళో సత్తిబాబును పిల్లలు కూడా ఆటపట్టిస్తారట. ఆయన కూడా నవ్వేస్తాడట. ఆ నవ్వు సంగతి చెప్తూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

భోజనాల దగ్గర నాన్న మళ్ళీ ఎత్తుకున్నాడు. "నువ్వు రాసినా రాయకున్నా నాది నేను పంపిస్తా సత్తీ. అప్పుడు వాళ్ళు నా పేరు కొట్టేస్తారు. నీ పేరు ఎక్కదు. ఇంగ ఆ పడవ ఎవరూ తేనట్టే. ఆ ఏడుగురూ వాళ్ళంతట వాళ్ళే ఒడ్డుకొచ్చినట్టు."

సత్తిబాబు కలిపిన అన్నం పక్కకి నెట్టాడు.

"కొట్టించండి కాయితం. సంతకం మాత్రం ఇక్కడ పెట్టను. ముందు వీర్రాజు అమ్మగారికి నా నోటితో చెప్పాలి. ఆవిడ తిడితే తిట్టించుకుంటాను. వద్దంటే మానేస్తాను. అదిరా నా మాట."

మళ్ళీ అమలాపురం: కోర్టు ఎదుట

మూడో రోజు పొద్దున్నే సత్తిబాబుతో కలిసి వెనక్కి దాటాం. ఈసారి నాన్నను ఆయనే పట్టుకున్నాడు. అమలాపురం కోర్టు ఎదుట రేకుల షెడ్డులో ఒక టైపిస్టు దొరికాడు. పాతికేళ్ళుంటాయి. గడ్డం, జుట్టు చిందరవందరగా పెరిగి ఉన్నాయి. బద్ధకస్తుడు, తప్పులు కొడతాడు అనుకున్నాను. టకటకా తప్పు లేకుండా కొట్టుకుపోతున్నాడు.

"డ్యూటీ మార్చుకోడానికి కారణం ఏమని కొట్టమంటారండీ?"

"సొంత కారణాలని కొట్టు నాయనా" అన్నాడు నాన్న, స్నేహితుణ్ణి కాపాడదామని.

"కాదండి. ఉన్నదే కొట్టండి," అన్నాడు సత్తిబాబు. "నా భార్య గర్భవతి. అందుకని శవాల్ని మొయ్యనన్నాను."

టైపిస్టు చేతులాగాయి. మా వంక చూసి గడ్డం పట్టుకుని చూపించాడు.

"మా ఆవిడక్కూడా ఏడో నెలండి. కిందటి నెల మా పెదనాన్నగారు పోతే నేనూ మొయ్యలేదండి. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు పెంచేరు. దూరంగా నించుని ఏడ్చేనండి."

అతను కాగితం సరిచేసుకుని మళ్ళీ కొట్టాడు. బద్ధకస్తుడనుకున్నందుకు మనసులోనే చెంపలేసుకున్నాను. ఇలాంటి కాగితాలు నేను వందలు చూశాను, కారణం దగ్గర ఇంత నిజం టైపు చేయడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

కొత్తపేట

వీర్రాజు తల్లి సూరమ్మగారు కొత్తపేట పక్క పల్లెలో చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. మేం వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చీపుళ్ళకు కొబ్బరాకు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటినా కత్తి చకచకా నడుస్తోంది. ఆటో దిగినప్పటి నుంచి సత్తిబాబు కాళ్ళు ముందుకు పడలేదు. నాన్న వెనక చెయ్యి వేసి నడిపించాడు.

"మామ్మగారూ, నేను రాజోలు సత్తిబాబునండి. వీర్రాజుతో పనిచేసేను."

"ఆయ్, రా బాబూ. మావాడు ఉత్తరాల్లో రాసేవోడు నీ గురించి. ఇన్నాళ్ళకా రావడం?"

ఆయన అరుగు కింద నేల మీదే కూర్చున్నాడు. దాచకుండా అంతా చెప్పాడు. చివర్న, "మీ అబ్బాయిని నేను మొయ్యలేదమ్మా. భుజం పట్టమంటే పట్టనన్నాను" అని తల దించుకున్నాడు.

ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"పుట్టిందా బిడ్డ?"

"పుట్టిందమ్మా. ఆడపిల్ల."

"బతికుందా?"

"ఉందమ్మా. ఇద్దరు పిల్లలు దానికి."

"మరింకేటయ్యా నీ ఏడుపు? కడుపుతో ఉన్నదాని మొగుడివి. నేనే అక్కడుంటే నిన్ను దగ్గరికి రానిచ్చేదాన్నా? మావాడు లేచొచ్చినా అదే చెప్పేవోడు. పిల్లని తీసుకురా ఒకసారి, చూస్తాను."

సత్తిబాబు భోరుమన్నాడు. కాగితం సంగతి నేను చెప్పాను. చదవమంది. ఇంగ్లీషు కాగితాన్ని నాకొచ్చిన తెలుగులో చదివి వినిపించాను. కొడుకు పేరు వచ్చినచోట రెండోసారి చదివించుకుంది. "పెట్టెయ్యి బాబూ సంతకం" అంది.

ఆ మధ్యాహ్నం కొత్తపేటలో నోటరీ ముందు ఆయన సంతకం పెట్టాడు. రెండు అర్జీలూ రిజిస్టరు పోస్టులో వెళ్ళాయి. ఇది రాస్తున్నప్పటికి జవాబు రాలేదు. ఇలాంటి ఆఫీసులు ఎంత కాలం తీసుకుంటాయో నా ఉద్యోగం వల్ల నాకు బాగా తెలుసు. అయినా ఆ ఇంటి దగ్గర జరిగింది ఇంకొకటి ఉంది, అది చెప్పకుండా ఈ ప్రయాణం ముగించలేను.

మేం లేచి చెప్పులు వేసుకుంటుంటే సూరమ్మగారు వెనక నుంచి అడిగింది.

"మరి మావాణ్ణి ఎవరు మోసేరు?"

ఆ ఇంటికి కొడుకు రాలేదు, శవమూ రాలేదు, అతని సామాన్ల పెట్టె వచ్చింది. ఎలా సాగనంపారో ఆవిడకు చెప్పినవాళ్ళు ఇరవై ఏడేళ్ళలో ఒక్కరూ లేరు. నాన్న చెప్పులు వదిలేసి అరుగు దగ్గరికి వచ్చాడు.

"నేను మోసినానమ్మా. పొలాల్లో బురద. జాగ్రత్తగా మోసినా. యాడా దించలే."

"ఏ భుజం మీద బాబూ?"

నాన్న కుడి భుజం చూపించాడు. ఆవిడకు అందదని అరుగు ముందు మోకాళ్ళ మీద వంగాడు. ఆవిడ ఈనెల మురికంటిన చేతులు చీరకు తుడుచుకుని, రెండు చేతులూ ఆ భుజం మీద ఆనించి, దాని మీద తల పెట్టుకుంది.